రెప్ప వాలిందని వెళితే ఛాతీకి స్కాన్ ఎందుకు? పెద్దల్లో టోసిస్ నిర్ధారణ, చికిత్స

సంక్షిప్తంగా: పై రెప్ప ఉండాల్సిన చోటు కంటే కిందికి జారడాన్ని వైద్యులు టోసిస్ అంటారు. అది లోపల ఎక్కడో వచ్చిన లోపానికి పైకి కనిపించే గుర్తు. పెద్దల్లో ఎక్కువ మందికి ఆ లోపం రెప్ప కండరం చివర ఉండే పలుచని పట్టీ సాగిపోవడమే కాబట్టి శస్త్రచికిత్సతో సరిపోతుంది. కొద్దిమందిలో మాత్రం మెదడు రక్తనాళంలో ఉబ్బు, మెడ ధమనిలో చీలిక, ఊపిరితిత్తి కొనలో కణితి, నరాల సంకేతాలు కండరాలకు సరిగా అందని మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బు వంటివి కారణమవుతాయి. అందుకే రెప్పను ఎత్తే ఆలోచన కంటే ముందు కారణాన్ని తేల్చడం జరుగుతుంది. ఒక్కసారిగా వాలిన రెప్పతో పాటు కనుపాప పరిమాణం మారినా, తలనొప్పి లేదా మెడనొప్పి ఉన్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నలభై, యాభై ఏళ్లు దాటాక ఒక కన్ను చిన్నదిగా కనిపించడం మొదలైతే ఇంట్లో వాళ్లు నిద్ర చాలలేదనుకుంటారు, బయటివాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. కొన్ని నెలలు అలాగే గడిచాక కంటి డాక్టరు దగ్గరికి వెళితే, రెప్పను చూసిన డాక్టరు మెదడుకు ఎమ్మారై, ఛాతీకి సీటీ స్కాన్, రక్తంలో యాంటీబాడీల పరీక్ష రాయవచ్చు. కంటికి సంబంధించిన చిన్న ఇబ్బందికి ఇన్ని పరీక్షలెందుకన్న అనుమానం అక్కడే పుడుతుంది. అనవసరంగా రాశారేమోనని కొందరు ఆ చీటీని పక్కన పెట్టేస్తారు కూడా. ఆ పరీక్షల వెనుక ఉన్న తర్కం అర్థం కావాలంటే, రెప్పను పైకి నిలిపి ఉంచే ఏర్పాటు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి.

రెప్పను నిలబెట్టే ఏర్పాటు

కన్ను తెరిచి ఉంచడం శ్రమ అని ఎవరికీ అనిపించదు. నిజానికి మేలుకొని ఉన్నంతసేపూ ఒక కండరం విడవకుండా బిగుసుకుని ఉంటేనే అది సాధ్యమవుతుంది. లివేటర్ అనే ఆ కండరం కంటిగూడు చిట్టచివర, కనుగుడ్డుకు బాగా వెనుక మొదలై, కనుగుడ్డు పైనుంచి ముందుకు సాగి, రెప్ప దగ్గరికి వచ్చేసరికి అపోన్యూరోసిస్ అనే పలుచని తెల్లటి పట్టీగా మారి, రెప్పకు గట్టిదనాన్నిచ్చే లోపలి పలకకు అతుక్కుంటుంది. బిగించే పని వెనుకనున్న కండరానిది, ఆ లాగుడును రెప్ప అంచు దాకా చేర్చే పని ఈ పట్టీది. కండరానికి ఆజ్ఞలు మధ్యమెదడు నుంచి బయలుదేరే మూడో కపాల నరం ద్వారా అందుతాయి.

లివేటర్‌కు అడుగున ముల్లర్ కండరం అనే చిన్న సహాయకుడు ఉంటుంది. ఇది రెప్పను సుమారు 2 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తుతుంది, పైగా మన ఇష్టంతో నడవదు. గుండె వేగాన్ని, చెమటను, కనుపాప పరిమాణాన్ని నియంత్రించే సింపథెటిక్ నరాల ఆధీనంలో ఇది ఉంటుంది. భయంతో కళ్లు పెద్దవైనప్పుడు దీని పాత్ర కొంత ఉంటుంది. ఈ నరాల దారి చాలా పొడవైనది. మెదడు అడుగున మొదలై వెన్నుపాములో ఛాతీ పైభాగం వరకు దిగి, అక్కడి నుంచి బయటికి వచ్చి ఊపిరితిత్తి కొన మీదుగా మెడలోకి ఎక్కి, తలకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనిని అంటిపెట్టుకుని మళ్లీ కంటిదాకా చేరుతుంది. రెప్ప కోసం ఛాతీకి స్కాన్ రాయడానికి ఒక కారణం ఈ దారిలోనే ఉంది. రెండో కారణం మయస్థీనియా దగ్గర తెలుస్తుంది.

ఈ రెండూ బలహీనపడితే మూడో ఆసరాగా నుదుటి కండరం రంగంలోకి దిగుతుంది. రెప్ప వాలినవారు తెలియకుండానే కనుబొమ్మలు పైకెత్తి, గడ్డం కాస్త ఎత్తి చూడటం దీనివల్లే. నుదుటిపై ముడతలు, సాయంత్రానికి తలనొప్పి, మెడ పట్టేయడం వంటివాటికి రెప్పే కారణమని చాలాకాలం వరకు తెలియకపోవచ్చు.

ఇంకొక విశేషం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రెండు కళ్ల లివేటర్లకూ మధ్యమెదడులో ఉమ్మడిగా ఒకే కేంద్రం ఉంటుంది. అందువల్ల ఒక రెప్ప వాలినప్పుడు దాన్ని ఎత్తడానికి మెదడు ఎక్కువ సంకేతం పంపితే అది రెండో రెప్పకూ వెళ్లి, ఆ కన్ను మరీ విప్పారినట్లు కనిపిస్తుంది. దీన్ని హెరింగ్ సూత్రం అంటారు. వాలిన రెప్పను డాక్టరు వేలితో ఎత్తి పట్టుకుని రెండో కన్ను వైపు చూడటం ఈ సూత్రాన్ని బట్టే. అప్పుడు రెండో రెప్ప కిందికి దిగితే, అక్కడ కూడా దాగి ఉన్న బలహీనత ఉందని, ఒక్క కంటికే ఆపరేషన్ చేస్తే రెండోది వాలినట్లు బయటపడుతుందని ముందే తెలుస్తుంది.

రెండు కొలతలు

టోసిస్ విషయంలో కంటిచూపుతో వేసే అంచనాకు పెద్దగా విలువ లేదు. డాక్టరు చేతిలో ఉండే చిన్న స్కేలు, టార్చిలైటే అసలు పరికరాలు. ఎదురుగా పట్టుకున్న లైటు కనుపాప మధ్యలో చుక్కలా మెరిసే చోటు నుంచి పై రెప్ప అంచు వరకు ఉన్న దూరం మొదటి కొలత. సాధారణంగా అది 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో 2 మిల్లీమీటర్ల మేర తగ్గితే స్వల్పమని, 3 తగ్గితే మధ్యస్థమని, 4 లేదా అంతకు మించి తగ్గితే తీవ్రమని లెక్క. తీవ్రమైన స్థితిలో రెప్ప అంచు కనుపాప మధ్యకు, ఆపైన దాన్ని దాటి కిందికి చేరుతుంది.

రెండో కొలత చికిత్సను నిర్ణయించేది. నుదుటి కండరం సాయం చేయకుండా కనుబొమ్మను బొటనవేలితో ఎముకకు నొక్కి పట్టి, రోగిని పూర్తిగా కిందికి, తర్వాత పూర్తిగా పైకి చూడమంటారు. ఆ మధ్యలో రెప్ప అంచు ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో అది లివేటర్ శక్తి. ఆరోగ్యవంతుల్లో ఇది 12 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. 8కి పైన ఉంటే బాగున్నట్లు, 5 నుంచి 7 అయితే మధ్యరకం, 4 లేదా అంతకు తక్కువైతే బలహీనం. ఒకేలా వాలినట్లు కనిపించే ఇద్దరిలో ఒకరికి ఈ సంఖ్య 14, మరొకరికి 3 ఉంటే వాళ్ల జబ్బులూ వేరు, చేయాల్సిన ఆపరేషన్లూ వేరు.

ఎప్పటి నుంచి వాలిందన్న ప్రశ్నకు రోగి జ్ఞాపకం కంటే పాత ఫోటోలు నమ్మదగినవి. పెళ్లి ఆల్బమ్, డ్రైవింగ్ లైసెన్సు, పదేళ్ల కిందటి గుర్తింపు కార్డు వరుసగా పెట్టి చూస్తే రెప్ప చిన్నప్పటి నుంచీ అలాగే ఉందా, కొన్నేళ్లుగా దిగుతూ వచ్చిందా, నెల కిందట ఉన్నట్టుండి మారిందా అన్నది తేలిపోతుంది. పరీక్షకు వెళ్లేటప్పుడు ఇలాంటి రెండు మూడు ఫోటోలు తీసుకెళ్లడం ఖర్చు లేని, ఎంతో ఉపయోగపడే పని.

ఎక్కువ మందిలో కారణం: సాగిన పట్టీ

పెద్దల్లో వచ్చే టోసిస్‌కు అతి సాధారణ కారణం అపోన్యూరోసిస్ పట్టీ సాగడం లేదా పలక నుంచి కొంత ఊడిపోవడం. కండరం బలంగానే ఉంటుంది, కానీ దాని లాగుడు రెప్ప అంచుకు పూర్తిగా చేరదు. చేదతాడు సాగితే ఎంత బలంగా లాగినా బొక్కెన పైకి రానట్లు ఉంటుంది పరిస్థితి. వయసు దీనికి ప్రధాన కారణం. ఏళ్ల తరబడి కాంటాక్ట్ లెన్సులు, ముఖ్యంగా గట్టిరకం లెన్సులు వాడేవారిలో, అలర్జీ వల్ల కళ్లు అదేపనిగా నలుపుకునేవారిలో ఇది ముందే వస్తుంది. శుక్లాల ఆపరేషన్ తర్వాత కొందరికి రెప్ప కొంత దిగడమూ ఉంది. ఆపరేషన్ సమయంలో కన్ను తెరిచి ఉంచడానికి పెట్టే క్లిప్పు, అప్పటికే సడలి ఉన్న పట్టీని మరికాస్త సాగదీయడం దీనికి చెప్పే కారణాల్లో ఒకటి.

ఈ రకానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. లివేటర్ శక్తి దాదాపు మామూలుగానే ఉంటుంది. రెప్ప మీద మడత గీత పట్టీ వెంట పైకి జరిగి, ఉండాల్సిన చోటు కంటే ఎత్తులో కనిపిస్తుంది. రెప్ప పలుచబడి లోపలికి పోయినట్లుంటుంది. కిందికి చూసినప్పుడు ఆ రెప్ప రెండోదాని కంటే మరింత కిందికి దిగుతుంది. అందుకే వీరికి దూరం చూడటం కంటే పేపరు చదవడం, కుట్టుపని చేయడం, ఫోన్ చూడటం కష్టమవుతాయి. పుట్టుకతో వచ్చిన టోసిస్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. అక్కడ కండరమే పీచుగా గట్టిపడి ఉండటంతో సడలడం కూడా దానికి చేతకాదు కాబట్టి, కిందికి చూసినప్పుడు వాలిన రెప్పే పైన నిలిచిపోతుంది.

చూడటానికి టోసిస్‌లాగే ఉండి టోసిస్ కానివి కూడా ఉన్నాయి. రెప్ప అంచు సరైన చోటే ఉండి పై చర్మం వదులై దాని మీదికి వేలాడటం, కనుబొమ్మ మొత్తం జారడం, థైరాయిడ్ జబ్బులో రెండో కన్ను విప్పారడం వల్ల మామూలు కన్ను చిన్నదిగా అనిపించడం వాటిలో కొన్ని. వీటికి లివేటర్‌ను బిగిస్తే సమస్య తీరదు, కొత్త సమస్య వస్తుంది.

కనుపాప చెప్పే సంగతి

రెప్ప గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో వాలినప్పుడు డాక్టరు దృష్టి వెంటనే కనుపాపకు మళ్లుతుంది. కనుపాప పెద్దదైతే ఒక దారి, చిన్నదైతే ఇంకొక దారి, మామూలుగా ఉంటే మూడో దారి.

మూడో కపాల నరం రెప్పను ఎత్తడంతో పాటు కన్నును కదిలించే ఆరు కండరాల్లో నాలుగింటిని నడుపుతుంది, కనుపాపను ముడుస్తుంది. అది దెబ్బతింటే రెప్ప దాదాపు పూర్తిగా మూసుకుపోవచ్చు. రెప్పను ఎత్తి చూస్తే కన్ను బయటి వైపుకు, కిందికి తిరిగి ఉంటుంది. ఈ నరం మెదడు నుంచి వచ్చే దారిలో ఒక రక్తనాళపు కూడలిని ఆనుకుని వెళుతుంది. ఆ కూడలిలో గోడ బలహీనపడి బుడగలా ఉబ్బితే దాన్ని ఎన్యూరిజం అంటారు. కనుపాపకు వెళ్లే తంతువులు నరం పైపొరలో ఉంటాయి కాబట్టి, బయటి నుంచి నొక్కే ఉబ్బు ముందు వాటినే తాకి కనుపాపను పెద్దది చేస్తుంది. వెలుతురులో ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఈ లక్షణాలు ఉంటే, ముఖ్యంగా తీవ్రమైన తలనొప్పి తోడైతే, ఉబ్బు చిట్లే ప్రమాదం ముందున్నట్లు భావించి, రక్తనాళాలను చూపే సీటీ లేదా ఎమ్మారై యాంజియోగ్రామ్ ఆలస్యం లేకుండా చేయాలి. ఇక్కడ గంటలు కూడా విలువైనవే.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారిలో ఇదే నరానికి వేరే రకంగా దెబ్బ తగులుతుంది. నరం లోపలి భాగానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోయి మధ్యనున్న తంతువులు దెబ్బతింటాయి, పైపొర చాలావరకు మిగులుతుంది. అందువల్ల రెప్ప వాలి, కన్ను కదలక, కంటి చుట్టూ నొప్పి ఉన్నా కనుపాప మాత్రం మామూలుగా ఉంటుంది. ఇది చాలామందిలో మూడు నెలల్లో దానంతట అదే కోలుకుంటుంది. అయితే ఈ తేడా నూటికి నూరుపాళ్లు నమ్మదగినది కాదు. మొదట మామూలుగా ఉన్న కనుపాప రెండు మూడు రోజుల్లో పెద్దది కావచ్చు. షుగర్ వల్లేనని ఇంట్లోనే నిర్ణయించుకుని ఊరుకోవడం అందుకే ప్రమాదకరం.

కనుపాప చిన్నదై, రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే వాలితే అది హార్నర్ సిండ్రోమ్ కావచ్చు. స్విట్జర్లాండ్ నేత్రవైద్యుడు యోహాన్ ఫ్రెడ్రిక్ హార్నర్ 1869లో దీన్ని వివరించాడు. సింపథెటిక్ నరాల పొడవైన దారిలో ఎక్కడ తెగినా ముల్లర్ కండరం సడలుతుంది, కనుపాప విప్పారలేదు, కొందరిలో ఆ వైపు ముఖానికి చెమట పట్టదు. చీకటిలో మామూలు కనుపాప పెద్దదవుతుంది, దెబ్బతిన్నది అలాగే ఉండిపోతుంది కాబట్టి గదిలో లైటు తగ్గించినప్పుడు తేడా బాగా కనిపిస్తుంది. అప్రాక్లోనిడిన్ చుక్కలు వేస్తే ఈ చిన్న కనుపాప పెద్దదై రెప్ప కొంత లేస్తుంది, మామూలు కంట్లో ఆ మార్పు రాదు. రెప్ప వాలింది కొద్దిగానే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మెడకు దెబ్బ తగిలాక లేదా మెడనొప్పితో పాటు ఇది వస్తే కెరోటిడ్ ధమని లోపలి పొర చీలి ఉండవచ్చు, ఆ చీలిక తర్వాతి రోజుల్లో పక్షవాతానికి దారితీయవచ్చు. భుజం, చేయి నొప్పితో వస్తే ఊపిరితిత్తి కొనలో కణితి కోసం చూడాలి. ఎక్కువగా పొగతాగినవారిలో ఛాతీ స్కాన్ తప్పనిసరి కావడం ఇందుకే.

ఉదయం బాగుండి సాయంత్రానికి వాలితే

కనుపాప పూర్తిగా మామూలుగా ఉండి, రెప్ప ఎత్తు పూటపూటకూ మారుతుంటే మయస్థీనియా గ్రేవిస్ గుర్తుకు రావాలి. నిద్రలేవగానే బాగున్న కన్ను సాయంత్రానికి వాలిపోవడం, ఈ వారం కుడివైపు, వచ్చే వారం ఎడమవైపు వాలడం, అప్పుడప్పుడు ఒకటి రెండుగా కనిపించడం దీని తీరు. నటుడు అమితాబ్ బచ్చన్‌కు 1984లో ఈ జబ్బు బయటపడినట్లు వార్తలు రావడంతో దీని పేరు మన దగ్గర చాలామందికి అప్పుడే మొదటిసారి తెలిసింది.

నరం చివర నుంచి విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరం మీదున్న గ్రాహకాలకు తగిలితేనే కండరం బిగుస్తుంది. ఈ జబ్బులో శరీరం తయారుచేసే యాంటీబాడీలు ఆ గ్రాహకాలను పాడుచేస్తాయి. మొదటి కొన్ని సంకేతాలు ఎలాగో అందుతాయి, పదేపదే పనిచేయించే కొద్దీ అందేవి తగ్గి కండరం చేతులెత్తేస్తుంది. రోజంతా విరామం లేకుండా పనిచేసే రెప్ప, కంటి కండరాల్లో ఈ అలసట ముందుగా బయటపడుతుంది. ఈ జబ్బు వచ్చినవారిలో సుమారు సగం మందికి మొదటి లక్షణాలు కంటిలోనే కనిపిస్తాయి. వారిలో చాలామందికి, ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే, అది నమలడం, మింగడం, మాట్లాడటం, చేతులు ఎత్తడం మొదలైన పనులకూ పాకుతుంది. శ్వాస కండరాలకు చేరితే ప్రాణాపాయం.

నిర్ధారణకు మొదటి మెట్టు ఆశ్చర్యం కలిగించేంత సులువైనది. రోగిని ఒకటి రెండు నిమిషాలు కళ్లార్పకుండా పైకి చూడమంటే రెప్ప క్రమంగా దిగుతుంది. ఆ తర్వాత మూసిన రెప్ప మీద ఐసుముక్కలు నింపిన గ్లవుజు రెండు నిమిషాలు ఉంచి తీస్తే, రెప్ప 2 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి లేస్తుంది. అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము చల్లదనానికి మందగించడంతో ఉన్న కాస్త రసాయనం ఎక్కువసేపు పనిచేస్తుంది. రక్తంలో గ్రాహకాల యాంటీబాడీ పరీక్ష ఒళ్లంతా పాకిన జబ్బులో సుమారు 85 శాతం మందిలో పాజిటివ్ వస్తుంది గానీ, కంటికే పరిమితమైనప్పుడు దాదాపు సగం మందిలోనే వస్తుంది. కాబట్టి రిపోర్టు నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని తేల్చలేరు. అప్పుడు నరాన్ని పదేపదే ప్రేరేపించే పరీక్ష, ఒక్కో కండర తంతువు ప్రతిస్పందనను కొలిచే ఈఎంజీ పరీక్ష అవసరమవుతాయి. ఇక ఛాతీ స్కాన్‌కు రెండో కారణం ఇదీ: ఈ రోగుల్లో పది నుంచి పదిహేను శాతం మందికి గుండెకు ముందుండే థైమస్ గ్రంథిలో కణితి ఉంటుంది.

ఈ జబ్బు చికిత్స చరిత్రలో ఒక గొప్ప గమనిక ఉంది. 1934లో లండన్‌లోని గ్రీనిచ్‌లో పనిచేస్తున్న డాక్టర్ మేరీ వాకర్, మయస్థీనియా లక్షణాలు బాణాలకు పూసే క్యూరారే విషం లక్షణాలను పోలి ఉన్నాయని గుర్తించి, ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌ను రోగికి ఇచ్చి చూసింది. రెప్ప లేచింది. ఇప్పుడు వాడే పైరిడోస్టిగ్మిన్ మాత్రలు ఆ కోవలోవే. వీటితో చాలకపోతే స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ వంటి రోగనిరోధక శక్తిని అణిచే మందులు, కణితి ఉంటే థైమస్ తొలగింపు ఉంటాయి. ఇలాంటివారికి రెప్ప ఆపరేషన్ తొందరపడి చేయరు. జబ్బు చాలాకాలం నిలకడగా ఉందని తేలాకే ఆ ప్రస్తావన వస్తుంది. మరో జాగ్రత్త మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సి ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు ఈ జబ్బును ఎక్కువ చేయగలవు. మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే అలవాటు ఈ రోగులకు ఏమాత్రం తగదు.

పాముకాటుకు తొలి గుర్తుగా

తెలుగు రాష్ట్రాల పల్లెల్లో రెప్ప వాలడానికి మరో అర్థం కూడా ఉంది. కట్లపాము కోరలు చిన్నవి. నేల మీద నిద్రపోతున్నవారిని రాత్రిపూట కరిస్తే నొప్పి, వాపు దాదాపు ఉండకపోవచ్చు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషికి రెండు రెప్పలూ బరువుగా వాలుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, మింగడం కష్టమవుతుంటే కాటు కనిపించకపోయినా దాన్ని పాముకాటుగానే అనుమానించాలి. తర్వాత దెబ్బతినేవి శ్వాస కండరాలు. విషవిరుగుడు ఇంజెక్షన్, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి చేరడం తప్ప వేరే మార్గం లేదు.

నాగుపాము విషం కండరం మీదున్న గ్రాహకాలనే అడ్డుకుంటుంది కాబట్టి విరుగుడుతో పాటు, అసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా కాపాడే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇస్తే రెప్పలు లేవడం చూడవచ్చు. మేరీ వాకర్ చూసిన పోలికే ఇక్కడా పనిచేస్తోంది. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది. విడుదల కావాల్సిన రసాయనమే లేనప్పుడు దాన్ని కాపాడే మందుతో పెద్దగా ఫలితం ఉండదు. నరం చివరలు బాగుపడే వరకు, అంటే కొన్ని రోజుల పాటు, శ్వాసకు యంత్రం ఆసరా కావాల్సి రావచ్చు.

చుక్కల మందు ఎంతవరకు?

2020 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెద్దల్లో వచ్చే టోసిస్‌కు 0.1 శాతం ఆక్సీమెటజోలిన్ కంటి చుక్కలను అనుమతించింది. అప్పటి నుంచి ఆపరేషన్ లేకుండా రెప్ప ఎత్తే చుక్కలంటూ ప్రచారం సాగుతోంది. ఈ మందు ముల్లర్ కండరాన్ని బిగించి రెప్పను సగటున ఒక మిల్లీమీటరు ఎత్తుతుంది, ప్రభావం కొన్ని గంటలు ఉండి పోతుంది. సాగిన పట్టీని అది అతికించదు, బలహీనమైన లివేటర్‌కు బలం ఇవ్వదు. ఆపరేషన్‌కు ఇష్టపడని, స్వల్పంగా వాలినవారికి రోజుకొకసారి వేసుకునే తాత్కాలిక సాధనంగా ఉపయోగపడవచ్చు. రక్తపోటు అదుపులో లేనివారు, గుండెజబ్బు ఉన్నవారు, కొన్ని రకాల నీటికాసులు ఉన్నవారు డాక్టరు సలహా లేకుండా వాడకూడదు. ముక్కుదిబ్బడకు వేసుకునే చుక్కల్లో ఉండేదీ ఈ మందే. అయినా ఆ సీసాను కంటికి వాడటం మాత్రం ఎంతమాత్రం మంచిది కాదు, దాని గాఢత, అందులో కలిపే పదార్థాలు కంటి కోసం తయారైనవి కావు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, హార్నర్ సిండ్రోమ్‌లో వాలిన రెప్ప కూడా ఈ తరహా చుక్కలకు లేస్తుంది. అప్పుడు అద్దంలో కన్ను బాగుపడినట్లు కనిపిస్తూ, మెడలోనో ఛాతీలోనో ఉన్న అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

బొటాక్స్ ఇంజెక్షన్ తర్వాత వాలిన రెప్ప విషయం వేరు. మందు ప్రభావం తగ్గేకొద్దీ కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో అది తిరిగి లేస్తుంది. అప్పటివరకు ఓపిక పట్టడమే చికిత్స.

ఏ రెప్పకు ఏ ఆపరేషన్

ఆపరేషన్ ఎంపిక చాలావరకు ముందు చెప్పిన రెండో కొలత మీద ఆధారపడుతుంది. లివేటర్ శక్తి బాగుంటే సడలిన పట్టీని ముందుకు జరిపి పలకకు మళ్లీ కుట్టడం సరిపోతుంది. కోత రెప్ప మడతలోనే ఉండటంతో మచ్చ పెద్దగా తెలియదు. దీన్ని సాధారణంగా రెప్పకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, రోగి మేలుకుని ఉండగానే చేస్తారు. కుట్టు వేశాక రోగిని లేపి కూర్చోబెట్టి, కళ్లు తెరవమని, రెండు రెప్పల ఎత్తును పోల్చి, అవసరమైతే కుట్టు సవరిస్తారు. పూర్తి మత్తులో ఈ సవరణ సాధ్యం కాదు.

రెప్ప స్వల్పంగానే వాలి, ముల్లర్ కండరాన్ని బిగించే ఫినైలెఫ్రిన్ చుక్కలు వేసినప్పుడు బాగా లేస్తే రెండో పద్ధతి ఉంది. రెప్పను తిప్పి లోపలి వైపు నుంచి ముల్లర్ కండరాన్ని, దాని మీది పొరను కొంత కత్తిరించి కుట్టడం అది. బయట కోత ఉండదు. లివేటర్ శక్తి 4 మిల్లీమీటర్లు లేదా అంతకు తక్కువైతే ఈ రెండూ పనికిరావు. అప్పుడు రెప్పను సిలికాన్ తీగతోనో, తొడ నుంచి తీసిన గట్టి పొర పట్టీతోనో నుదుటి కండరానికి జోడిస్తారు. ఇక ముందు కనుబొమ్మ ఎత్తితే రెప్ప లేస్తుంది.

ఎంత ఎత్తాలన్న ప్రశ్న ఎత్తడం కంటే కష్టమైనది. కంటికి రెప్ప చేసే అసలు మేలు మూసుకుని కాపాడటమే. ఎక్కువ ఎత్తితే నిద్రలో కన్ను పూర్తిగా మూసుకోక, కార్నియా అనే కంటి ముందుండే పారదర్శక పొర ఎండిపోయి పుండు పడుతుంది. కళ్లు మూసినప్పుడు కనుగుడ్డు సహజంగా పైకి తిరిగి కార్నియాను దాచుకుంటుంది కాబట్టి మామూలు మనుషుల్లో కాస్త సందు ఉన్నా ప్రమాదం తక్కువ. కంటి కండరాలన్నీ క్రమంగా బలహీనపడే మైటోకాండ్రియా (కణాలకు శక్తినిచ్చే భాగాలు) జబ్బు ఉన్నవారిలో, మూడో నరం పక్షవాతం ఉన్నవారిలో కన్ను పైకి తిరగదు. వారికి కనుపాప నుంచి రెప్ప తొలగేంత మాత్రమే ఎత్తడం వివేకం. మైటోకాండ్రియా జబ్బులో గుండె లయ కూడా దెబ్బతినవచ్చు కాబట్టి ఈసీజీ లేకుండా ఆపరేషన్ గదికి పంపరు. మూడో నరం పక్షవాతంలో మరో చిక్కు ఉంది. మూసి ఉన్న రెప్పే ఒకటి రెండుగా కనిపించడాన్ని దాచిపెడుతుంది. ఆరు నెలలైనా ఆగి, నరం కోలుకున్నంత కోలుకున్నాక, ముందు మెల్లను సరిచేసి, ఆ తర్వాతే రెప్పను ఎత్తుతారు. ఆపరేషన్ వద్దనుకునేవారికి, చేయకూడనివారికి కళ్లజోడు ఫ్రేముకు లోపల అమర్చే సన్నని ఆసరా తీగతో కొంత ఉపశమనం ఉంటుంది.

ముందు, తర్వాత

ఆపరేషన్‌కు ముందు కన్నీటి పరిమాణం, కన్ను మూసుకునే బలం చూస్తారు. రెప్పను వదిలేసి ఒకసారి, టేపుతో ఎత్తి కట్టి ఒకసారి చూపు విస్తీర్ణ పరీక్ష చేస్తారు. పైభాగపు చూపు ఎంత పోయిందో ఈ రెండింటి తేడాలో తెలుస్తుంది. ఈ రిపోర్టులు, ఫోటోలు బీమా విషయంలోనూ అక్కరకొస్తాయి. అందం కోసం చేయించుకునే ఆపరేషన్లకు బీమా సాధారణంగా వర్తించదు కాబట్టి, చూపుకు అడ్డం వస్తున్న రెప్ప అని పత్రాల్లో స్పష్టంగా ఉండాలి. తెలుగువారికి హైదరాబాద్‌లోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటివి తెలిసినవే. అయితే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు రెప్పల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన ఓక్యులోప్లాస్టీ విభాగం కావాలని అడగడం మేలు. మయస్థీనియా, నరాల అనుమానం ఉంటే న్యూరాలజిస్టు కూడా చూడాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు, గుండె డాక్టరు, కంటి సర్జన్ కలిసి నిర్ణయించాలి.

వాపు, కమిలిన రంగు తగ్గడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదట్లో రాత్రిపూట కన్ను పూర్తిగా మూసుకోకపోవడం మామూలే, అందుకే పగలు కన్నీటి చుక్కలు, పడుకునే ముందు ఆయింట్‌మెంట్ రాస్తారు. రెండు రెప్పలు మిల్లీమీటరు తేడా లేకుండా సమానం కావాలని ఆశించేవారు నిరాశపడే అవకాశం ఉందని సర్జన్ ముందే చెప్పడం మంచిది. కొందరికి రెండోసారి సవరించాల్సి వస్తుంది కూడా. రెప్ప తుది ఎత్తు ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ తేలదు, అప్పటిదాకా ఆ నిర్ణయం వాయిదా వేస్తారు. ఆగకూడనిది ఒక్కటే. ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రోజుల్లో నొప్పి పెరుగుతూ, కన్ను ముందుకు పొడుచుకొచ్చి, చూపు తగ్గుతుంటే కంటి వెనుక రక్తం చేరుతున్నట్లు. అది అరుదే అయినా, వేళకాని వేళైనా వెంటనే ఆసుపత్రికి తిరిగి వెళ్లాలి.